మాత్ర వేడి చేస్తోందా, జావ పల్చనైందా?

పల్నాడు జిల్లా నుంచి ఓ పాఠకురాలు రాసిన పొడవాటి ఉత్తరం సారాంశమిది. ఆమెకు 34 ఏళ్లు. బ్యాంకులో ఉద్యోగం, ఎనిమిదేళ్ల బాబు. పుట్టింటా అత్తింటా గుడ్డు కూడా ముట్టని శాకాహారం. రెండేళ్ల కిందట ఎడమ కన్ను మసకబారింది. కనుగుడ్డు తిప్పితే నొప్పి. ఎంఆర్ఐ తీయిస్తే మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్) అని తేలింది. రోగనిరోధక శక్తి దారితప్పి మెదడు, వెన్నుపాము, కంటి నరాల పైపొరను దెబ్బతీసే జబ్బది. ఐదు రోజులు స్టెరాయిడ్ ఎక్కించాక చూపు చాలావరకు తిరిగొచ్చింది. ఏడాదిన్నరగా ఆ జబ్బు తిరగబెట్టకుండా వాడే డైమిథైల్ ఫ్యూమరేట్ 240 మిల్లీగ్రాముల క్యాప్సూల్ పొద్దున ఒకటి, రాత్రి ఒకటి టిఫిను మధ్యలోనో అన్నం మధ్యలోనో వేసుకుంటూ వచ్చారు. మొదటి నెల ఒళ్లు మంటలుండేవి, తర్వాత సర్దుకున్నాయి. మళ్లీ దాడి, అంటే జబ్బు కొత్త లక్షణంతో తిరగబెట్టడం, రాలేదు.

నాలుగు నెలల కిందట అత్తగారు ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లో తిండి మార్చారు. బియ్యం, గోధుమ, పాలు, పెరుగు, నెయ్యి పూర్తిగా బంద్. పరగడుపున తిప్పతీగ కషాయం, ఏడింటికి గ్లాసుడు పల్చటి కొర్ర జావ, మధ్యాహ్నం సామలన్నం, ఆకుకూర, రాత్రికి మళ్లీ జావ. పప్పు వారానికి రెండుసార్లు. బరువు 61 కిలోల నుంచి 53కి దిగింది. మొదటి రెండు నెలలు ‘ఒళ్లు తేలికైంది, బ్యాంకు నుంచి రాగానే మంచమెక్కే నీరసం సగానికి తగ్గింది’. కానీ క్యాప్సూల్ వేసుకున్న అరగంటకల్లా ముఖం, మెడ, చేతులు కందిపోయి మంట, కడుపులో తిప్పడం మళ్లీ మొదలయ్యాయి. ‘మాత్ర వేడి చేస్తోంది, తిండితోనే తగ్గుతుంటే ఇదెందుకు’ అని అత్తగారి వాదన. ‘డాక్టరు చెప్పింది విను’ అని భర్త, ఆ పేరున తల్లీకొడుకుల మధ్య మాటలు పెరుగుతున్నాయి. ఈమె నెలరోజులుగా వారంలో మూడు నాలుగు క్యాప్సూళ్లు మానేస్తున్నారు. శనివారం ఉపవాసం నాడు అసలు వేసుకోవడం లేదు. డాక్టరు వారానికొకటి చొప్పున ఎనిమిది వారాలకు రాసిన 60,000 యూనిట్ల డి విటమిన్ పొడి మాత్రం ఏడు నెలలుగా తాగుతూనే ఉన్నారు. మలబద్ధకం. మూడు వారాలుగా రెండు పాదాల్లో తిమ్మిరి. ‘కన్ను పోయినప్పుడు నన్ను చంటిపిల్లలా చూసుకున్నది ఆవిడే. నాలుగున్నరకు లేచి కాచిన జావను వద్దని ఎలా తోసేయను? తిండితో ఈ జబ్బు అదుపులో ఉంటుందా? మాత్ర మానేయొచ్చా?’ అని ఆమె ప్రశ్న.

సమాధానం:

అమ్మా, ఉత్తరం చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి నుంచే మొదలుపెడతాను. పాదాల తిమ్మిరి. ఎంఎస్ ఉన్నవాళ్లకు పాత ఇబ్బంది ఎండకో జ్వరానికో పైకి తేలి, ఒళ్లు చల్లబడ్డాక సర్దుకుంటే అది కొత్త దాడి కాదు. జ్వరం లేకుండా, ఇదివరకు లేని లక్షణం 24 గంటలు దాటి నిలిచిందంటే దాడేమోనని అనుమానించాలి. మీకు మూడు వారాలైంది. అదీ మాత్రలు ఎగ్గొడుతున్న నెలలోనే మొదలైంది. తిండి తగువు తేలేదాకా ఆగకుండా ఈ వారంలోనే మీ న్యూరాలజిస్టుకు చూపించుకోండి. నడక తడబడినా, నడుం చుట్టూ పట్టీ బిగించినట్టున్నా, మూత్రం రాకపోయినా వారం కూడా ఆగొద్దు, ఆ రోజే వెళ్లాలి.

అది దాడేనని నేను తేల్చడం లేదు. బి12 విటమిన్ తగ్గినా పాదాలు అచ్చం ఇలాగే తిమ్మిరెక్కుతాయి, అదీ వెన్నుపాములోని నరాల పైపొరనే దెబ్బతీస్తుంది. లక్షణాన్ని బట్టి రెంటినీ విడదీయడం డాక్టరుకైనా కష్టమే, పరీక్షలే చెప్పాలి. నాలుగు నెలలు పెరుగు మానినంత మాత్రాన బి12 అడుగంటదు, కాలేయంలోని నిల్వ ఏళ్ల తరబడి వస్తుంది. కానీ పుట్టినప్పటి నుంచీ శాకాహారులైన మీకు ఆ నిల్వ మొదటే అంతంతమాత్రంగా ఉండి ఉండొచ్చు. మీ ఇంట్లో బి12 వచ్చే దారి పాలూ పెరుగూ ఒక్కటే. ఆ ఒక్కటీ మూసేశారు. ఆకుకూరల్లో, చిరుధాన్యాల్లో అది ఉండదు. గంజి పులియబెట్టినా నమ్ముకోదగినంత రాదు.

ఇక మాత్ర వేడి చేయడం. మీ అత్తగారు చూసింది నిజమే. కారణం దగ్గరే పొరపాటు పడ్డారు. తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇదే క్యాప్సూల్‌ను ఏడాదికి పైగా ఇబ్బంది లేకుండా వేసుకున్నారు. మంట తిరిగొచ్చింది టిఫిను పోయి జావ వచ్చాక. ఈ మందు పేగులో కరిగి, చర్మం కిందున్న సన్నటి రక్తనాళాలు విచ్చుకునేలా చేస్తుంది. అందుకే ఆ ఎరుపు, ఆ సెగ. కడుపులో కొవ్వూ ప్రొటీనూ ఉన్న గట్టి ఆహారం ఉంటే మందు నెమ్మదిగా దిగుతుంది, మంటా తిప్పడమూ తగ్గుతాయి. ముప్ఫై గ్రాముల పిండితో కాచిన గ్లాసుడు జావలో ప్రొటీన్ మూడున్నర గ్రాములు, కొవ్వు గ్రాము పైచిలుకు. అది కడుపులో నిలిచే తిండి కాదు, మందుకు దాదాపు పరగడుపుతో సమానం.

దీనికి తోడు, ఎగ్గొట్టి ఎగ్గొట్టి వేసుకోవడం. ఈ మందును మొదటి వారం 120 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 240కి పెంచేదే ఒంటికి అలవాటు కావాలని. మధ్యమధ్య మానేసి మళ్లీ పూర్తి మోతాదు వేస్తే ఒళ్లు మళ్లీ మొదటి వారంలాగే ఎదురుతిరగొచ్చు. మంటకు భయపడి మానడం, మానడం వల్ల మంట పెరగడం. మీరు ఈ సుడిలో ఉన్నారు. బయటికి రావడానికి డాక్టరు కొన్నాళ్లు 120కి తగ్గించి, నాలుగు వారాల్లోపు మళ్లీ 240కి తీసుకెళ్లొచ్చు. మంట మరీ ఎక్కువైతే అరగంట ముందు ఆస్పిరిన్ ఇచ్చే పద్ధతీ ఉంది, అదీ డాక్టరు రాస్తేనే. ఒక్క హెచ్చరిక: కొందరు మింగలేక క్యాప్సూల్ విప్పి లోపలి గింజల్ని జావలో కలిపేస్తారు. ఆ గింజల పైపూత కడుపును కాపాడటానికే పెట్టింది. విప్పకూడదు, నమలకూడదు.

తిండి మార్చాక నీరసం తగ్గిన మాట అబద్ధం కాదు. మీ ఎత్తు రాయలేదు గానీ, 61 నుంచి తొలి మూడు నాలుగు కిలోలు తగ్గడం మేలే చేసి ఉంటుంది. సాయంత్రం బజ్జీలు, బేకరీ సరుకు పోయి ఉంటాయి, రాత్రి భోజనం ముందుకు జరిగి ఉంటుంది, నిద్ర కుదిరి ఉంటుంది. ఎంఎస్‌లో నీరసానికి తిండి సాయపడుతుందనే మాటకు పరిశోధనల్లోనూ కొంత బలముంది. అమెరికాలోని అయోవాలో రెండు పేరున్న ఆహార పద్ధతులను పోల్చి 2021లో ఫలితాలు ప్రచురించారు. ఒకటి రాయ్ స్వాంక్ అనే డాక్టరుది. నెయ్యి, వెన్న, మాంసం వంటి వాటి నుంచి వచ్చే సంతృప్త కొవ్వును గట్టిగా తగ్గించి, ధాన్యాలూ వెన్నతీసిన పాలూ తినమంటుంది. రెండోది ఎంఎస్ ఉన్న డాక్టరే అయిన టెర్రీ వాల్స్‌ది. ధాన్యాలు, పాలు, పప్పులు మానేసి, మాంసం, గిన్నెల కొద్దీ కూరగాయలు తినమంటుంది. ఒకటి తినమన్నది రెండోది వద్దంటుంది. అయినా రెండు గుంపుల్లోనూ నీరసం తగ్గింది! కాబట్టి మేలు చేసింది గోధుమ మానడమో పాలు మానడమో కాకపోవచ్చు. రెంటిలోనూ ఉమ్మడిగా ఉన్నది ఇంటి వంట, కూరగాయలు ఎక్కువ, బయటి సరుకు తక్కువ. ఎప్పటిలా తినే మూడో గుంపు అందులో లేదు కాబట్టి అంతకుమించి చెప్పలేం.

స్వాంక్ కథ మీ అత్తగారి వీడియోల్లో వచ్చే ఉంటుంది, చాలామంది దాన్నే చూపిస్తారు. నార్వేలో చేపలు తినే తీరప్రాంతం కన్నా పాడి ఎక్కువున్న లోపలి ఊళ్లలో ఎంఎస్ ఎక్కువని గమనించి, ఆయన 144 మందిని 34 ఏళ్లు వెంబడించి 1990లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో రాశారు. ఆహార నియమం పాటించినవాళ్లు మెరుగ్గా ఉన్నారన్నది సారాంశం. అంత ఓపికకు దండం పెట్టాలి. కానీ పోల్చడానికి వేరే గుంపు లేదు. జబ్బు ముదిరినవాళ్లు పథ్యం పాటించలేక వదిలేసి ఉంటే, పథ్యం వల్ల వాళ్లు బాగున్నారా, బాగున్నందుకే పథ్యం నిలబెట్టుకున్నారా అన్నది తేలదు.

‘దాడి రాలేదు కదా, తిండి పనిచేస్తున్నట్టే కదా’ అన్న ప్రశ్నకు మీ క్యాప్సూల్ పరీక్ష లెక్కలే జవాబు చెబుతాయి. 2012లో వెలువడిన ఆ పరీక్షలో రెండేళ్లలో దాడి వచ్చినవాళ్లు ఈ మందు గుంపులో నూటికి 27 మంది, మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్ గుంపులో 46 మంది. వెనక్కి తిప్పి చూడండి: ఏ మందూ లేకుండానే 54 మందికి రెండేళ్లపాటు దాడి రాలేదు. వాళ్లందరూ కొర్ర జావ తాగి ఉంటే పేరు కొర్రలకే వచ్చేది. ఈ జబ్బు తనంతట తాను నెలలకు నెలలు నిద్రపోతుంది. బయటికి ఏమీ తెలియకుండా ఎంఆర్ఐలో కొత్త మచ్చలు పడుతుండటమూ మామూలే. అందుకే నాలుగు నెలల సుఖం చూసి ఏదీ రుజువైనట్టు కాదు.

తిప్పతీగ మాత్రం ఈ రోజే ఆపండి. దీనిమీద నేను రెండు దారులు చూపించను. ‘ఇమ్యూనిటీ పెంచుతుంది’ అని దాన్ని ఇస్తారు. మీ జబ్బులో రోగనిరోధక శక్తి తక్కువై కాదు, దారితప్పి సొంత నరాల పొరను కొరుకుతోంది. దాన్ని ఇంకా ఎగదోసే వస్తువును రోజూ పరగడుపున తాగడం సరికాదు. కరోనా కాలంలో తిప్పతీగ విపరీతంగా వాడినప్పుడు కాలేయం దెబ్బతిన్న కేసులను 2021 నుంచి మన దేశపు డాక్టర్లే నివేదించారు. శరీరం తనమీద తానే దాడిచేసే జబ్బులున్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. మీ క్యాప్సూల్‌కూ కాలేయం పరీక్ష అవసరమే కాబట్టి, నాలుగు నెలలు కషాయం తాగానని డాక్టరుకు దాచకుండా చెప్పండి. కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులో వస్తే వెంటనే వెళ్లండి.

డి విటమిన్ పొడి కూడా ప్రస్తుతానికి ఆపి, రక్తంలో డి, కాల్షియం రెండూ చూపించుకోండి. వారానికి 60,000 అంటే రోజుకు ఎనిమిదిన్నర వేలు. మామూలుగా పెద్దవాళ్లకు రోజుకు 4,000 దాటొద్దంటారు. లోటు పూడ్చేందుకు కొన్ని వారాలు ఎక్కువ ఇవ్వడం సబబే, గడువు దాటాక లెక్క చూడకుండా పోసుకోవడమే తప్పు. కాల్షియం పెరిగితే దాహం, వికారం, మూత్రపిండాలకు దెబ్బ, మలబద్ధకం. అవును, మీ మలబద్ధకానికి అదీ ఒక కారణం కావచ్చు. ఫ్రాన్సులో తొలి దశ రోగులకు రెండు వారాలకోసారి లక్ష యూనిట్లు ఇచ్చి చూసిన పరీక్ష 2025లో వెలువడింది. ఎంఆర్ఐ మచ్చల్లో మేలు కనిపించింది, దాడుల సంఖ్యలో స్పష్టమైన తేడా రాలేదు. పెద్ద మోతాదులతో అంతకుముందు జరిగిన పరీక్షలు ఆశించిన ఫలితం ఇవ్వలేదు. లోటుంటే పూడ్చడం, పరీక్ష చేయించుకుంటూ నిలబెట్టడం, అంతే.

మలబద్ధకానికి ఇంకో కారణం బ్యాంకులో బాత్‌రూమ్ తిప్పలు కావచ్చు. మూత్రం ఆపుకోలేమన్న భయంతో నీళ్లు తగ్గించేవాళ్లు ఎంఎస్‌లో చాలామంది. చిరుధాన్యాల పీచు పెరిగి నీళ్లు తగ్గితే ఆ పీచే లోపల గట్టిపడి కూర్చుంటుంది. మూత్రంలో ఇన్‌ఫెక్షనూ తేలిగ్గా వస్తుంది, దాని జ్వరానికి పాత లక్షణాలన్నీ లేచి కూర్చుంటాయి. ఒక్కసారే గటగటా తాగకుండా గంటకో అర గ్లాసు చొప్పున సాయంత్రం ఏడు లోపు లీటరున్నర, రెండు లీటర్లు పూర్తి చేయండి. కాఫీ, టీ రోజుకు ఒక కప్పు చాలు. అవి మూత్రాశయాన్ని రేపుతాయి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

మాత్ర మానేసి తిండినే నమ్ముకోవడం మొదటిది. మీ ఒళ్లు, నిర్ణయం మీది. కానీ పైన చెప్పిన 27, 46 లెక్క అప్పుడు మీకు వర్తిస్తుంది. వచ్చే దాడి కంటికి వస్తుందో కాలికి వస్తుందో, ఎంతవరకు తిరిగొస్తుందో ముందే చెప్పలేరు. ఈ దారిలోనే వెళ్తానంటే చాటుగా మానొద్దు. డాక్టరుకు చెప్పి, ఇప్పుడొక ఎంఆర్ఐ, ఆరు నెలలకు మరొకటి తీయించుకునే ఒప్పందంతో మానండి. నిజానికి మీకు ఇబ్బంది మందంటే కాదు, మంటంటే. జాగ్రత్తలన్నీ పాటించినా ఆ మంట తగ్గకపోతే మందు మార్చొచ్చు. ఆరు నెలలకోసారి సెలైన్‌లా ఎక్కించేవీ ఉన్నాయి. వాటి ఖర్చు, ఇన్‌ఫెక్షన్ల భయం వేరు, అవి డాక్టరుతో కూర్చుని తూచుకోవాలి.

రెండోది, మాత్ర వేసుకుంటూ అత్తగారి పథ్యాన్ని ఉన్నదున్నట్టు కొనసాగించడం. కుదురుతుంది, కానీ తీసేసినవాటి బదులు ఏదో ఒకటి పెట్టాలి. బి12 మాత్రో ఇంజెక్షనో తప్పదు. 53 కిలోల మనిషికి రోజుకు 45 గ్రాముల ప్రొటీనైనా కావాలి. పప్పు లేని రోజున మీకు అందుతున్నది 20 దాటడం కష్టం. తగ్గిన ఎనిమిది కిలోల్లో కండ కూడా పోయిందో లేదో ఇలా చూడండి: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి వరసగా పదిసార్లు లేవగలుగుతున్నారా? లేకపోతే తేలికైన ఒళ్లే రేపు నీరసపడుతుంది. స్టెరాయిడ్లు పడిన ఎముకలకు కాల్షియమూ కావాలి. పాలు లేకపోతే కొర్రల జాగాలో రాగులు రావాలి. 50 గ్రాముల రాగిపిండిలో 170, 180 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, రోజుకు కావలసింది 1,000. గోధుమ విషయంలో ఒక్క మాట. గోధుమ పడని సీలియాక్ జబ్బు ఉందేమోనని అనుమానముంటే, గోధుమ తింటూ ఉండగానే రక్తపరీక్ష చేయించాలి. మానేశాక చేస్తే ఉన్నా లేదని రావొచ్చు. ఆ జబ్బు లేనివాళ్లు గోధుమ మానితే ఎంఎస్ తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు.

మూడోది నా మనసు మొగ్గే దారి. చిరుధాన్యాలు, ఆకుకూరలు, పెందలాడే భోజనం అలాగే ఉంచి, పెరుగునూ పప్పునూ రోజువారీ తిండిలోకి తిరిగి పిలవండి. పాలు, పెరుగు కలిపి అర లీటరుంటే బి12 సుమారు రెండు మైక్రోగ్రాములు, అంటే దాదాపు రోజుకు సరిపడా. ఇప్పటికే లోటుంటే అది చాలదు, మందు వేరుగా వాడాలి. మీగడ తీసిన పాలైతే స్వాంక్‌కూ అభ్యంతరం లేదు. పొద్దున క్యాప్సూల్‌కు తోడు జావ బదులు రెండు పెసరట్లు, పల్లీ పచ్చడి పెట్టుకోండి. అరవై గ్రాముల పెసలు, ఇరవై గ్రాముల పల్లీల్లో కలిపి 19 గ్రాముల దాకా ప్రొటీన్, పల్లీల కొవ్వు ఎనిమిది నుంచి పది గ్రాములు. ఒక అట్టు తిన్నాక క్యాప్సూల్, ఆపైన రెండో అట్టు. మొదట్లోనూ ఖాళీ కడుపు, చివర్లోనూ నీళ్లు కాకుండా మధ్యలో పడాలి మందు. రాత్రికి జొన్నరొట్టె, గట్టి పప్పు, కప్పు పెరుగు, అక్కడా మధ్యలోనే. నూనె ఏదైనా వేరుశనగదో నువ్వులదో రోజుకు నాలుగు చెంచాలు, నెయ్యి ఒక చెంచా. డాల్డా, బేకరీ సరుకు వద్దు. అవిసె గింజల పొడి చల్లుకుంటే మంచిదే, కానీ దాడుల్ని ఆపుతుందని ఆశపడొద్దు. ఒమేగా-3తో నార్వేలో చేసిన పరీక్షలో అలా జరగలేదు.

శనివారం ఉపవాసం మానక్కర్లేదు. ఫలహారం చేసే ఇల్లే కదా. పొద్దున గ్లాసు పాలు, గుప్పెడు వేయించిన పల్లీలు, అరటిపండు తిని క్యాప్సూల్ వేసుకుంటే వ్రతానికీ లోటు లేదు, మందుకూ లోటు లేదు.

అత్తగారి సంగతి. ఆవిడ మిమ్మల్ని బతికించుకోవాలనే నాలుగున్నరకు లేస్తున్నారు. ‘మీ జావ వల్లే ఇదంతా’ అన్న మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, ముఖ్యంగా మీ ఆయన నోట. కొడుకు కోప్పడితే అది వంట తగువు కాదు, తల్లిని కాదన్నట్టవుతుంది. మీరే కూర్చోబెట్టి చెప్పండి: ‘అత్తయ్యా, మీరన్నట్టే మాత్ర వేడి చేస్తోంది. కింద గట్టి తిండి లేకపోతేనే చేస్తుందట. దాన్ని అణిచే టిఫిను మీరే చేసిపెట్టాలి.’ ఆవిడ పొద్దున్నే లేవడం అలాగే ఉంటుంది, కాచేది మారుతుంది. తిప్పతీగను మాత్రం ‘డాక్టరును అడిగేదాకా వద్దు’ అని ఈ రోజే ఆపండి, ఎందుకు వద్దో డాక్టరు నోట రానివ్వండి.

అందుకే ఈసారి న్యూరాలజిస్టు దగ్గరికి ఆవిడనూ వెంటబెట్టుకెళ్లండి. వెళ్లే ముందు ఒక కాగితం మీద క్యాప్సూల్ మానిన తేదీలు, మంట వచ్చిన రోజులు, ఆ పూట ఏం తిన్నారో, తిమ్మిరి మొదలైన రోజు రాసుకోండి. బి12, డి, కాల్షియం, కాలేయం పరీక్షలతో పాటు రక్తకణాల లెక్క అడగండి. ఈ మందు లింఫోసైట్లనే తెల్లకణాలను తగ్గిస్తుంది, ఆ సంఖ్య అప్పుడప్పుడూ చూస్తుండాలి. డాక్టరు ముందు ‘తిండితో తగ్గదా’ అన్న ప్రశ్నను మీ ఆయనతో అడిగించకండి. అత్తగారినే అడగనివ్వండి, జవాబూ ఆవిడకే చెప్పమనండి.